పురాణం ఆసరా లేకుండా మనకి సైన్స్ ఫిక్షన్ చేతకాదా?

రేవుకాడ కుర్రోడు, అమలాపురం

మొన్న ఆదివారం ఇంట్లో కల్కి 2898 ఏడీ మళ్లీ పెట్టాం. టీవీలో ఇది మూడోసారి. మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. కాంప్లెక్స్ అనే ఆ తలకిందుల పిరమిడ్ కనిపించగానే రిమోట్ లాక్కుని ఆపేశాడు. "మావయ్యా, ఇది దేని మీద నిలబడింది?" అన్నాడు. "సినిమారా" అన్నాను. "అంటే చెప్పరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నాగ్ అశ్విన్ అంటే నాకు గౌరవమే. 2024 జూన్ 27న పొద్దున్నే లేచి, టిఫిన్ కూడా చేయకుండా మొదటి ఆటకి పోయినవాణ్ణి. కానీ ఆ సినిమాలో ఇప్పటికీ కళ్ల ముందు మెదిలేది కురుక్షేత్రం, అశ్వత్థామ. గర్భిణుల కడుపులోంచి సీరం తీసి ఒక ముసలి దొర ప్రాణం నిలబెట్టుకోవడం ఎంత భయంకరమైన ఊహ! అసలు సైన్స్ ఫిక్షన్ అక్కడుంది. మనం దాని గురించి ఆలోచించేలోపే హీరో భైరవ తన కారు బుజ్జిని వేసుకుని వచ్చేస్తాడు. ఆఖరికి ఆ 2898 కూడా పంచాంగంలోంచి వచ్చిందే. కలియుగం మొదలైందని చెప్పే క్రీ.పూ. 3102 నుంచి 6000 ఏళ్లు లెక్కేస్తే అక్కడ తేలుతుంది.

అదే ఏడాది మార్చిలో హాలీవుడ్ సినిమా డ్యూన్ రెండో భాగం వచ్చింది. అక్కడా ఎడారే, రక్షకుడు వస్తాడన్న జోస్యమే, తల్లి కడుపులో మామూలు బిడ్డ కాని బిడ్డే. కానీ ఆ జోస్యాన్ని ఒక ఆడవాళ్ల సంఘం తరాల కిందటే కావాలని జనంలో నాటిందని డైరెక్టరు దనీ విల్నవ్ మనకి చెప్పేస్తాడు. చివర్లో ఆ రక్షకుణ్ణి ప్రేమించిన చానీ తల వంచకుండా వెళ్లిపోతుంది. మన సినిమాలో జోస్యాన్ని అనుమానించే మనిషి ఒక్కడూ లేడు. భైరవ ఉన్నాడుగా అంటారేమో. అతను పట్టించుకోడు, అంతే. అనుమానించడం వేరు.

అందుకే అడుగుతున్నాను. పురాణం చెయ్యి పట్టుకోకుండా మనవాళ్లు తీయలేరా, తీస్తే మనం చూడమా?

థర్డ్ క్లాస్ టికెట్, రాజోలు

మొదలెట్టారండీ బాబూ! మీ మేనల్లుడికి అంత సైన్స్ కావాలంటే ట్యూషన్ పెట్టించండి.

అశ్వత్థామకి చావు లేదన్న సంగతి మా నాయనమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్త లోకం కట్టే డైరెక్టరు ఎవరైనా మొదటి గంట వివరణకే తగలేస్తాడు, ఫలానా తెగ, ఫలానా గ్రహం, ఫలానా మసాలా అని. నాగ్ అశ్విన్‌కి ఆ గంట మిగిలింది. దాన్ని తెలివి అంటారు, చేతకానితనం అనరు. అశ్వత్థామగా 81 ఏళ్ల అమితాబ్ లేచి నిలబడితే మా హాల్లో ముందు వరసలో కుర్చీ విరిగింది. విల్నవ్‌కి ఎక్కడైనా కుర్చీ విరిగిందా?

డ్యూన్ మాత్రం ఆకాశంలోంచి ఊడిపడిందా? అరబ్బీ మాటలు, ఎడారి తెగల బతుకు, మహదీ అనే రక్షకుడు వస్తాడన్న నమ్మకం, అన్నీ ఎత్తుకొచ్చినవే. వాళ్లు పరాయి ఇంట్లోంచి ఎత్తుకొస్తే ప్రపంచ నిర్మాణం, మనం మన అటక మీంచి దించుకుంటే ఆసరానా?

ఫిజిక్స్ మాస్టారు, భీమవరం

ఇద్దరూ కాస్త ఆగండి. సైన్స్ ఫిక్షన్ అంటే రాకెట్లూ రోబోలూ కాదు. "ఇలా అయితే?" అని ఒక ప్రశ్న వేసుకుని, దానికో నియమం పెట్టుకుని, శుభం కార్డు పడేదాకా ఆ నియమానికి కట్టుబడి ఉండటం.

నోలన్ ఇంటర్‌స్టెల్లార్ (2014) సంగతే చూడండి. నీళ్ల గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు. అల వచ్చిపడి ఆలస్యమవుతుంది, తిరిగి ఓడెక్కేసరికి ఇక్కడ 23 ఏళ్లు అయిపోతాయి. ఆ సినిమాకి లెక్కలు చూసిన కిప్ థోర్న్‌కి 2017లో నోబెల్ వచ్చింది, సినిమాకి కాదులెండి, గురుత్వ తరంగాలకి. ఇంటర్ పిల్లలకి ఆ 23 ఏళ్ల వీడియో సందేశాల సీను వేసి చూపించాను. బోర్డు మీద సూత్రం రాస్తున్నంతసేపూ ఆవలించిన కుర్రాడే, సీను అయ్యాక, "మా అమ్మ కువైట్ నుంచి వచ్చేసరికి నేను తొమ్మిదో క్లాసు సార్, ఇంతే" అన్నాడు. ఇక ఆ పూట నేను పాఠం చెప్పలేదు.

ప్రేమ కాలాన్నీ దూరాన్నీ దాటుతుందని డైలాగు పెట్టినచోట నోలన్ కూడా జారాడు, ఒప్పుకుంటాను. కానీ లెక్క తప్పలేదు. కల్కిలో అశ్వత్థామ ఇన్నేళ్లు ఎలా బతికాడయ్యా అంటే శాపం అంటారు. శాపానికి లెక్కేముంటుంది?

బుజ్జి ఫ్యాన్, రావులపాలెం

బుజ్జి కారుని నిజంగానే తయారు చేశారు మాస్టారూ, కోయంబత్తూరులో. ఆరు టన్నులు. రోడ్డు మీద నడిచింది కూడా. అది సైన్స్ కాదా?

ఫిజిక్స్ మాస్టారు, భీమవరం

అది ఇంజనీరింగ్ నాన్నా. మంచి పనే. దానికి కీర్తి సురేష్ గొంతు పెట్టడం ఇంకా మంచి పని.

థర్డ్ క్లాస్ టికెట్, రాజోలు

మాస్టారూ, శాపానికి లెక్క లేదన్నారు. వినండి మరి. చావు రాదు. నుదుటి గాయం మానదు. గడువు కలియుగం చివరిదాకా. మూడంటే మూడు షరతులు, సినిమాలో ఒక్కటీ తప్పలేదు. నియమం పెట్టి కట్టుబడటమే సైన్స్ ఫిక్షన్ అయితే, ఆ శాపం కంటే గట్టి నియమం ఎక్కడుందండీ?

ఫిజిక్స్ మాస్టారు, భీమవరం

ఇది బాగుంది. దీనికి రేపు జవాబిస్తాను.

కొబ్బరితోట పెద్దాయన, మామిడికుదురు

అబ్బాయిలూ, పురాణం లేకపోతే మనవాళ్లు చూడరన్న మాట 1991లోనే తప్పని తేలిపోయింది. ఆదిత్య 369. అప్పటికి డైరెక్టరు సింగీతం శ్రీనివాసరావు గారికి దాదాపు అరవై ఏళ్లు. టైమ్ మెషీన్‌లో 1526కి, రాయలవారి కొలువుకి తీసుకెళ్లాడు, అక్కణ్నుంచి 2504కి. తెనాలి రామకృష్ణుడు ఉన్నాడు, దేవుడు లేడు. శాపాలూ వరాలూ లేవు. నేనూ మా ఆవిడా సైకిల్ మీద వెళ్లి చూశాం, పెళ్లయిన కొత్త. భవిష్యత్తు సీన్లు ఆవిడకి నచ్చలేదు, మనుషులు సూర్యుడు లేకుండా నేల కింద ఎలా బతుకుతారండీ అని దారంతా అడుగుతూనే ఉంది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ విడుదలైతే మనవడితో వెళ్లాను. వాడికీ అదే అనుమానం వచ్చింది. సినిమా పని చేసిందని దానర్థం.

ఇంకో మాట. 1995 జనవరిలో మా పక్కనే పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుంది. 65 రోజులు మండింది. మా ఊళ్లో రాత్రన్నది లేదు. అర్ధరాత్రి పెరట్లో కొబ్బరిచెట్ల నీడలు పడేవి, ఆ నీడలు ఊగేవి. కోళ్లు ఎప్పుడు పడితే అప్పుడు కూసేవి. మా అమ్మ సంధ్యాదీపం గడియారం చూసి పెట్టేది. కాంప్లెక్సులూ ఎడారులూ అంటారేమిటి, అలాంటిది చూసినవాళ్లం మనం. దాన్ని ఎవరైనా తీశారా?

చెరువుగట్టు, కాళ్ల మండలం

పెద్దాయన మాట మీద నాదొకటి. నేను రొయ్యల రైతుని, సినిమా పరిజ్ఞానం తక్కువ. డ్యూన్ మా దగ్గర హాల్లో రెండు రోజులు ఆడింది. ప్రొజెక్టరు మసక, ఎడారంతా చింతపండు పులుసులా కనిపించింది. అయినా చూశాను.

నాకర్థం కానిది ఒకటే. భవిష్యత్తు అనగానే ప్రతి డైరెక్టరూ నీళ్లెందుకు ఎండగడతాడు? విల్నవ్ ఒంటి చెమట పట్టి తాగిస్తాడు. నాగ్ అశ్విన్ కాశీలో గంగని ఎండగట్టాడు. మన దగ్గర భవిష్యత్తు అలా రాదండి. ఉప్పగా వస్తుంది. మా నాన్న వరి పండించిన చేలో ఇవాళ వరి వేస్తే మొలక కూడా రాదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. చంటిపిల్లలకి కూడా ఆ అంకెలు తెలుసు. మన డైరెక్టర్లకి తెలియవు.

డ్యూన్ గురించి ఒక సంగతి చదివి ఆశ్చర్యపోయాను. ఆ నవల రాసిన ఫ్రాంక్ హెర్బర్ట్‌కి మొదటి ఆలోచన అమెరికాలో ఒక సముద్ర తీరాన వచ్చిందట. ఇసుక మేటలు రోడ్లనీ ఇళ్లనీ మింగేయకుండా అక్కడి వ్యవసాయ శాఖ గడ్డి నాటుతుంటే, దాని మీద వ్యాసం రాద్దామని వెళ్లాడు. మన తీరం పొడుగునా సరుగుడు తోటలు వేసిందీ గాలికీ ఇసుకకీ అడ్డంగానే కదా! ఆయన గడ్డిని చూసి గ్రహాన్ని ఊహించాడు. మనం సరుగుడు చూసి కర్రకి ఎంత రేటు పలుకుతుందో ఊహించాం.

తెల్లవారుజామున మూడింటికి చెరువులో డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే ఏముంటుందో ఎవరైనా తీయాలి. మబ్బు పట్టిన రాత్రి, కరెంటు పోయింది, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయి, జనరేటరు అందుకోలేదు. టార్చి వేస్తే నీటి అంచున వేల కళ్లు ఎర్రగా మెరుస్తాయి. రొయ్యలన్నీ గాలి కోసం పైకి వచ్చేసి ఉంటాయి. చప్పుడు ఉండదు. నేను చూసిన ఏ ఏలియన్ సినిమాలోనూ అంత భయం వేయలేదు.

థర్డ్ క్లాస్ టికెట్, రాజోలు

రాసింది బ్రహ్మాండంగా ఉందండీ. కానీ రొయ్యల మీద 600 కోట్లు పెట్టేదెవరు? కల్కికి అంత ఖర్చయిందని పేపర్లలో రాశారు. అంత డబ్బు వెనక్కి రావాలంటే కాశీ ఉండాలి, ప్రభాస్ ఉండాలి, దేవుడూ ఉండాలి. వరుణ్ తేజ్‌తో సంకల్ప్ రెడ్డి అంతరిక్షం (2018) తీశాడు, పురాణం లేదు, ఉపగ్రహం ఉంది. ఎంతమంది వెళ్లారు? ఇక్కడ మాట్లాడుతున్నవాళ్లలో టికెట్ కొన్నవాళ్లు చెయ్యెత్తండి.

రేవుకాడ కుర్రోడు, అమలాపురం

చెయ్యెత్తాను. ఇంకో చెయ్యి లేదని తెలుసు.

కానీ 600 కోట్లు కావాలన్నది ఒప్పుకోను. జపాన్ డైరెక్టరు తకాషి యమజాకి గాడ్జిల్లా మైనస్ వన్ (2023) కోటిన్నర డాలర్ల లోపే తీశానన్నాడు. మన లెక్కలో 125 కోట్ల లోపు. గ్రాఫిక్స్ చేసింది 35 మంది, పైగా ఆ పని డైరెక్టరే దగ్గరుండి చూసుకున్నాడు. 2024లో ఆ గ్రాఫిక్స్‌కే ఆస్కార్ ఇచ్చారు. అంతదాకా ఎందుకు, మన ఒకే ఒక జీవితం (2022) చూడండి. శ్రీ కార్తీక్ మొదటి సినిమా. ఒక టైమ్ మెషీన్, ముగ్గురు స్నేహితులు, 1998. పోయిన అమ్మని బతికించుకోవాలి. శర్వానంద్ గుమ్మంలో నిలబడి తనని గుర్తుపట్టని అమల వైపు చూస్తాడు చూడండి, అక్కడ ఒక్క గ్రాఫిక్ ముక్క లేదు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంటర్‌స్టెల్లార్ గురించి మాస్టారు వదిలేసిన ముక్క ఒకటి. అందులో మొదట్లో ఒక మాట వస్తుంది, ఇదే ఆఖరి బెండ పంట, ఇక బెండకాయ ఉండదని. ఆ తర్వాత వచ్చే నల్ల బిలం కంటే నాకు ఆ బెండకాయ ఎక్కువ గుచ్చుకుంది. 2011లో మన కోనసీమ రైతులే పంట విరామం అని సార్వా వేయకుండా వదిలేశారు. గిట్టుబాటు లేదు, కూలీలు దొరకరు, డ్రెయిన్లు పూడిపోయాయి. అప్పుడు నేను ఇంటర్. ఊడుపుల కాలంలో చేలు ఖాళీగా, చప్పుడు లేకుండా ఉన్నాయి. నోలన్ ఊహించిన దాన్ని మనం బస్సు కిటికీలోంచి చూశాం.

పద్మ, పాలకొల్లు

చాలాసేపట్నుంచి చదువుతున్నాను. మగవాళ్లందరూ గ్రహాలూ ప్రళయాలూ అంటున్నారు కాబట్టి ఒక చిన్న సినిమా పేరు చెప్తాను. ఆండ్రాయిడ్ కుంజప్పన్, 2019, మలయాళం. డైరెక్టరు రతీష్ బాలకృష్ణన్ పొదువాళ్. కొడుకు రష్యాలో ఉద్యోగానికి వెళ్తూ, పల్లెటూళ్లో మొండి తండ్రిని చూసుకోవడానికి ఒక రోబోని తెచ్చిపెడతాడు. తండ్రి మొదట తిడతాడు, తర్వాత దానికి చొక్కా తొడిగి ఊళ్లో తిప్పుతాడు. అంతే కథ. ఇందులో పురాణం ఎక్కడుంది, 600 కోట్లు ఎక్కడున్నాయి?

మా ఇంట్లో ఇదే నడుస్తోంది. అమ్మ పోయాక నాన్న ఒక్కరే ఉంటున్నారు. అన్నయ్య డాలస్‌లో కూర్చుని హాల్లో కెమెరా పెట్టించాడు, మాట్లాడే రకం. మన మధ్యాహ్నం వాడికి అర్ధరాత్రి. నాన్న ఆవకాయ జాడీ మీద చెయ్యి వేయగానే గోడ మీంచి "నాన్నా, బీపీ!" అని గొంతు వస్తుంది. మొదటి రోజు ఆయన అమ్మ ఫొటో వైపు చూశారట. ఇప్పుడు అలవాటైంది. భోజనానికి కూర్చునే ముందు తువ్వాలు తీసి కెమెరా మీద కప్పుతారు. తిన్నాక తీసి, మడతపెట్టి, "కానియ్" అంటారు కెమెరాతో.

సైన్స్ ఫిక్షన్ తీసేవాళ్లెవరైనా ఉంటే వచ్చి తీసుకోమనండి, ఇల్లు ఖాళీగానే ఉంది.

ఫిజిక్స్ మాస్టారు, భీమవరం

థర్డ్ క్లాస్ గారికి నా బాకీ. రాత్రంతా ఆలోచించాను. శాపం నియమమే, మీరు చెప్పింది నిజం. కానీ దాన్ని పెట్టినవాడు దేవుడు, మార్చాలన్నా ఆయనే మార్చాలి. పద్మ గారి నాన్నగారు మాత్రం తువ్వాలు కప్పగలిగారు. నాకు కావలసిన సినిమా అలాంటిది.

థర్డ్ క్లాస్ టికెట్, రాజోలు

కల్కి రెండో భాగానికి మొదటి ఆట టికెట్లు మీకు కూడా నేనే తీస్తాను మాస్టారూ, అక్కడ కూర్చుని గొడవపడదాం. పద్మ గారూ, తువ్వాలు సంగతి మీ అన్నయ్యకి తెలిసిందా?

పద్మ, పాలకొల్లు

తెలిసిందండి. వంటింట్లో ఇంకో కెమెరా పెట్టించాడు. నాన్న మొన్న సంతలో ఇంకో తువ్వాలు కొన్నారు.