బస్సు డ్రైవర్లకు బోర్డులు తెలియవా, తెలిసీ పట్టించుకోరా?

కిటికీ సీటు:
రోజూ ముందు సీట్లోనే కూర్చుంటాను కాబట్టి అడుగుతున్నా. ఎర్ర అంచు గుండ్రటి బోర్డు మీద 40 అని ఉంటుంది, మా బస్సు 60లో పోతుంది. నిన్న దిగేటప్పుడు డ్రైవర్ని అడిగితే "ఏ బోర్డు?" అన్నాడు. లైసెన్సు కోసం ఒకసారి చదివి మర్చిపోయారని నా అనుమానం. రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష పెట్టాలి. కాదంటారా?

పాత స్టీరింగ్:
కాదంటాను. ఇరవై ఏళ్లకు పైగా బస్సు నడిపినవాణ్ణి. త్రికోణమైతే హెచ్చరిక, ఎర్ర అంచు గుండ్రమైతే చేయకూడనిది, నీలం గుండ్రమైతే చేసి తీరాల్సింది. రోడ్డు గుర్తుల మీద దేశాలు చేసుకున్న 1968 వియన్నా ఒప్పందంలో ఉన్నదీ ఇదే, చాలా దేశాలు పాటిస్తున్నదీ ఇదే. ఆ మాత్రం తెలియకుండా ఎవరూ సీటెక్కరు. అసలు గొడవ టైమింగ్‌తో. లేటైతే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది నేను. "ఇంకా ఎంతసేపయ్యా" అని వెనకనుంచి అరిచేది మీరు (కోపం తెచ్చుకోకండి).

నడక రాయుడు:
టైమింగ్ అన్నది సాకండీ. కిలోమీటరు దూరం 40లో పోతే నిమిషంన్నర, 60లో పోతే నిమిషం. ముప్పై సెకన్ల కోసమా? అదే 60లో బ్రేకు వేస్తే బండి ఆగడానికి 40లో కన్నా రెండింతలకు పైగా దూరం కావాలి. ఆ దూరంలో రోడ్డు దాటేది నేను.

పాత స్టీరింగ్:
లెక్క ఒప్పుకుంటాను. కానీ రాయుడు గారూ, అలాంటి కిలోమీటర్లు రూటులో పదుంటే ఐదు నిమిషాలు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య నేను కాళ్లు చాపుకునేది ఆ ఐదు నిమిషాలే. తప్పు కాదనను, ఎందుకు జరుగుతుందో చెబుతున్నా.

మూడో గేరు:
ఇద్దరూ ఆ "ఏ బోర్డు?" అన్న మాట వదిలేశారు. నాకు అది అబద్ధంలా అనిపించలేదు. రోజూ పోయే దారిలో కళ్లు గుంటల్నీ మనుషుల్నీ చూస్తాయి, బోర్డుని చూడవు. కొత్త బోర్డు పాతినా వారం దాకా కనబడదు. ఇంకో సంగతి, ఎర్ర అంచున్న నీలం బోర్డు మీద ఒక ఎర్ర గీతుంటే పార్కింగ్ వద్దని, రెండు గీతలు అడ్డంగా కలిస్తే అసలు ఆపనే వద్దని. ఈ తేడా మా వాళ్లనే అడిగి చూశాను, తడుముకున్నారు.

కిటికీ సీటు:
అంటే తెలియనివీ ఉన్నాయన్నమాటేగా!

పాత స్టీరింగ్:
ఉన్నాయి. నాదే చెబుతా. ఒకరోజు నన్ను కొత్త రూటుకు పంపారు. ఒక వంతెన ముందు 3.2 మీటర్లని బోర్డు. దాని అర్థం నాకు బ్రహ్మాండంగా తెలుసు. నా బస్సు ఎత్తెంతో తెలియదు! అన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నడక రాయుడు:
మరేం చేశారు?

పాత స్టీరింగ్:
నడిరోడ్డు మీద ఆపేసి, దిగి, తలెత్తి చూశాను. వెనక అంతా హారన్లే. వాళ్లలో ఎవరైనా ఆ బోర్డు చూశారో లేదో మరి. కిటికీ సీటు గారూ, పరీక్ష పెట్టండి, నేనూ రాస్తాను. కానీ మొదటి ప్రశ్న బోర్డు గురించి కాకుండా నడిపే బండి గురించి అడగండి.