అప్‌డేట్: నాన్న ఆపరేషన్ తర్వాత ఎవర్ని అడగాలన్న ప్రశ్న

నాన్నకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, డాక్టర్ రెండు నిమిషాలు కూడా నిలబడట్లేదు, ఏదైనా ఉంటే ఎవర్ని అడగాలి అని పోయిన వారం అడిగాను కదా. డాక్టర్ కోసమే కాచుకుని కూర్చోకు, మిగతావాళ్ళతో మాట్లాడు అన్నారు చాలామంది. నిజం చెప్పాలంటే అప్పుడు కాస్త చిరాకేసింది.

మూడోరోజు ఒళ్ళు తుడవడానికి వచ్చిన ఆయా, నాన్న మడమ దగ్గర ఎర్రగా ఉందని చూసి గబగబా వెళ్ళి నర్సుని పిలుచుకొచ్చింది. నర్సు వేలితో నొక్కి వదిలింది, ఆ ఎరుపు తెల్లబడలేదు. పడకపుండుకి అదే మొదటి దశట. వెంటనే పిక్క కింద దిండు పెట్టి మడమ పరుపుకి తగలకుండా చేసింది, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం మొదలుపెట్టారు. నేను పక్కనే కుర్చీలో ఫోన్ చూసుకుంటూ ఉన్నాను, నాకు కనపడనే లేదు.

ఫిజియో అయితే ఆపరేషన్ మర్నాడే లేపి నిలబెట్టాడు, నాన్న తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పడుకునే ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టొచ్చు, ఊపిరితిత్తులకి నిమ్ము చేయొచ్చు అని ఓపిగ్గా చెప్పాడు. ఫార్మసిస్ట్ మా సంచిలో మందులన్నీ బయటికి తీయించి చూసింది. ఇంట్లో వాడే నొప్పి మాత్రా, ఇక్కడ రాసిందీ పేర్లే వేరు, మందు ఒకటే! డాక్టర్‌కి చెప్పి ఒకటి ఆపించింది.

డాక్టర్ ఇప్పటికీ రెండు నిమిషాలే, కాకపోతే ప్రశ్నలు చీటీ మీద రాసిపెట్టుకుని అడుగుతున్నా. మడమ ఎరుపు తగ్గింది. నిన్న వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా నడిచారు.