సముద్రమంతా ఉండగా పెంగ్విన్‌కి చేపలు దొరకవా?

రఘు_వి:

ఈ మధ్య కేప్‌టౌన్ వెళ్లినప్పుడు సైమన్స్ టౌన్ దగ్గర బోల్డర్స్ బీచ్‌లో పెంగ్విన్లను చూశాను. చెక్కబాట మీద నిలబడి చూస్తే ఎక్కడ పడితే అక్కడ అవే. ఎండలో పడుకున్నవి కొన్ని, పొదల కింద గూట్లో కూర్చున్నవి కొన్ని. దేనికీ ఏ లోటూ ఉన్నట్టు కనిపించలేదు. మా గైడేమో ఈ ఆఫ్రికన్ పెంగ్విన్ జాతి అంతరించిపోయే దశకు వచ్చిందని, చేపల పడవలు కూడా ఒక కారణమని చెప్పాడు.

నాకు అర్థం కానిది ఇది. పెంగ్విన్ ఈతకే పుట్టిన పక్షి. ఒకచోట చేపలు లేకపోతే ఇంకోచోటికి పోవచ్చు కదా? సముద్రంలో ఉన్న చేపల్లో పడవలు పట్టేది ఎంత, పెంగ్విన్ తినేది ఎంత? నిజంగానే పోటీ ఉందా, లేక ఎవరో ఒకరి మీద నింద వేయాలి కాబట్టి వేస్తున్నారా? తెలిసినవాళ్లు చెప్పండి. లింకులు పడేయకుండా మామూలు మాటల్లో చెబితే సంతోషం.

శ్రావ్య_కేప్:

రఘు గారూ, మీరు చూసిన చోటు ఉన్నంతలో బాగున్న చోటు. అందుకే మీకీ డౌట్ వచ్చింది. బోల్డర్స్‌లో 1982లో ఉన్నవి రెండే జంటలు. అవే పెరిగి ఇవాళ మీరు చూసిన గుంపు అయింది. ఆ బీచ్ ఉన్న ఫాల్స్ బే అఖాతంలో పెద్ద పడవల వేట తగ్గడం దానికి ఒక కారణమని పార్కు వాళ్లే చెబుతారు. పడమటి తీరంలో డాసెన్ దీవి కథ వేరు. ఒకప్పుడు లక్షల్లో పెంగ్విన్లున్న దీవి అది. టూరిస్టులు ఎవరూ అక్కడికి వెళ్లరు కాబట్టి ఖాళీ అయిన గూళ్లు ఎవరి కంటా పడవు.

నేను కేప్‌టౌన్‌లో ఉద్యోగం చేస్తాను. వారాంతాల్లో ఒక సముద్రపక్షుల రక్షణ కేంద్రంలో వాలంటీరుగా ఉంటాను. శాస్త్రవేత్తను కాను, మోచేతి దాకా మందపాటి తొడుగు వేసుకుని పెంగ్విన్ల నోట్లో చేపలు పెట్టే మనిషిని. బయటి నుంచి వచ్చిన పెంగ్విన్‌కి చచ్చిన చేప తిండి అని తెలియదు. ముక్కు తెరిచి, తల వైపు నుంచి లోపలికి జార్చాలి. తోక వైపు నుంచి పెడితే పొలుసులు, రెక్కల ముళ్లు గొంతులో అడ్డం పడతాయి. సముద్రంలో అదే పట్టుకున్నప్పుడు నీళ్ల కిందే మింగేస్తుంది. నాలుక మీదా అంగిలి మీదా వెనక్కి వంగిన ముళ్లు ఉంటాయి కాబట్టి ఒకసారి లోపలికి పోయిన చేప బయటికి జారదు. పక్షిని ఎత్తుకోగానే మేం మొదట చూసేది రొమ్ము ఎముకని. బాగా తిన్న పక్షిలో అది కండ కింద దాగి ఉంటుంది. ఆకలితో ఉన్నదానిలో కత్తి అంచులా చేతికి తగులుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకి. సముద్రంలో ఎన్ని చేపలున్నాయన్న లెక్క పెంగ్విన్‌కి దాదాపు అనవసరం. దానికి కావలసింది గూటికి దగ్గర్లో, తను మునగగలిగే లోతులో, ఆ వారం ఉన్న చేప.

గుడ్లు పెట్టాక దాదాపు 40 రోజులు ఆలుమగలు వంతులేసుకుని పొదుగుతాయి. పిల్లలు బయటికొచ్చాక ఒకటి గూట్లో కాపలా ఉంటే ఇంకోటి వేటకు పోతుంది. వెళ్లిన పక్షి తిరిగొచ్చి, కడుపులోని చేపను కక్కి పిల్లలకి పెట్టాలి. అందుకే ఆ కాలంలో అది గూటి నుంచి ఓ 20, 40 కిలోమీటర్ల లోపే తిరుగుతుంది. అంతకంటే దూరం పోతే తిరిగొచ్చేసరికి పిల్లలు మాడిపోతాయి. గూట్లో ఉన్న జోడీ కూడా ఎన్నాళ్లని పస్తుంటుంది? ఇక లోతు. ఆఫ్రికన్ పెంగ్విన్ అవసరమైతే 130 మీటర్ల దాకా మునగగలదు కానీ మామూలుగా 30 మీటర్ల లోపే వేటాడుతుంది. కంటి చూపుతో వేట కాబట్టి వెలుతురు ఉండాలి. దాని తిండి ముఖ్యంగా రెండు రకాలు, సార్డీన్లు, నెత్తళ్లు. రెండూ గుంపుగా తిరిగే కొవ్వు చేపలే. రింగు వల పడవలు వెతికేవీ అవే. పెంగ్విన్ ఒక్కో చేపను ఏరుకుంటే వల గుంపు మొత్తాన్ని చుట్టేస్తుంది. పట్టిన నెత్తళ్లలో ఎక్కువ భాగం మనిషి కంచంలోకి కూడా రావు, చేపల పొడిగా, నూనెగా మారతాయి.

గుంపు చెదిరితే ఇంకో నష్టం ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పెంగ్విన్లకి చిన్న కెమెరాలు కట్టి చూసిన పరిశోధకులకు తెలిసిందేమంటే, ఇవి కలిసి వేటాడతాయి. చేపల గుంపు కిందికి వెళ్లి దాన్ని పైకి తోలతాయి, అంచుల్లో విడిపోయిన చేపల్ని పడతాయి. అలా కలిసి పట్టినప్పుడు ఒంటరి వేట కంటే కనీసం 2.7 రెట్లు ఎక్కువ చేప దొరుకుతుందని లెక్కతేలింది. మిగతా సముద్రపక్షులు కూడా ఆ పైకి వచ్చిన చేపల మీద వాలతాయి. పెంగ్విన్లు తగ్గేకొద్దీ తోడు వేటగాళ్లు తగ్గుతారు, మిగిలినవాటికి కష్టం ఇంకా పెరుగుతుంది.

"ఇంకోచోటికి పోవచ్చు కదా" అన్నారు. పిల్ల పెంగ్విన్లు పోతాయి! మొదటిసారి నీళ్లలో దిగిన పిల్లలు వందల కిలోమీటర్లు ఈది, చల్లటి నీళ్లు, ప్లాంక్టన్ (చేపలు తినే, నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) ఎక్కువున్న చోట్లు వెతుక్కుంటాయి. ఒకప్పుడు ఆ గుర్తులున్న చోట చేపలూ ఉండేవి. నమీబియా తీరంలో ఇప్పటికీ ఆ గుర్తులున్నాయి, సార్డీన్లు లేవు. 1960లు, 70ల్లో ఊడ్చి పట్టేశారు. వాటి చోటులో జెల్లీఫిష్, పెద్దగా కొవ్వు లేని గోబీ చేపలు చేరాయి. పిల్లలు అక్కడికే పోయి ఆకలితో చస్తున్నాయని 2017లో ఉపగ్రహ ట్యాగులతో చేసిన అధ్యయనంలో తేలింది. ఎక్కడికి వెళ్లాలో పుట్టుకతో తెలిసిన పక్షి అది, మారిపోయింది సముద్రం.

పెద్దవాటికి గండం ఈకలు మార్చుకునేటప్పుడు. ఏడాదికోసారి మొత్తం ఈకలు ఒకేసారి రాల్చుకుంటుంది. ఓ మూడు వారాలు నీళ్లలో దిగలేదు, దిగితే చలికి గడ్డకడుతుంది. అంటే మూడు వారాలు కటిక ఉపవాసం. దానికి ముందు బాగా తిని కొవ్వు పట్టించుకోవాలి, అయ్యాక వెంటనే మళ్లీ తినాలి. ఆ రెండు సమయాల్లో దగ్గర్లో చేప లేకపోతే పక్షి తీరానికి కూడా రాదు, నీళ్లలోనే పోతుంది. అందుకే ఇన్నేళ్లు శవాల గుట్టలు ఎవరికీ కనిపించలేదు. 2004లో డాసెన్, రాబెన్ దీవుల్లో గూళ్లు పెట్టిన పక్షుల్లో దాదాపు 95 శాతం తర్వాతి ఎనిమిదేళ్లలో చనిపోయాయని 2025 చివర్లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. సుమారు 62,000 పక్షులు. ఆ కాలంలో పడమటి తీరంలో సార్డీన్లు బాగా పడిపోయాయి. అయినా వేట అదే తీరులో సాగింది.

నారాయణ_ఎస్:

శ్రావ్య గారు బాగా చెప్పారు, కానీ సగమే చెప్పారు. చేపల నిల్వలు లెక్కగట్టే పనిలో చాలాకాలం ఉన్నవాణ్ణి కాబట్టి మిగతా సగం నేను చెబుతాను.

ఒకటి, సార్డీన్లు పడమటి తీరం వదిలి ఆఫ్రికా దక్షిణపు కొస కేప్ అగుల్హాస్ దాటి తూర్పుకి జరిగాయి. నీటి వేడి, ఉప్పదనం మారడం దానికి పెద్ద కారణం. పడవలన్నీ రేవులో కట్టేసినా ఆ చేప వెనక్కి రాదు. రెండు, 2008 నుంచి కొన్ని దీవుల చుట్టూ 20 కిలోమీటర్ల మేర వేటను కొన్నాళ్లు మూసి, కొన్నాళ్లు తెరిచి పరీక్ష చేశారు. పుష్కర కాలం పైగా దాని ఫలితాల మీద రెండు పక్షాల శాస్త్రవేత్తలూ కొట్టుకున్నారు. చివరికి 2023లో బయటి దేశాల నిపుణుల కమిటీ తేల్చిందేమిటి? మూసివేతతో పెంగ్విన్లకు మేలే, కానీ ఆ మేలు ఏడాదికి ఒక శాతం అటూఇటూ. జాతి తగ్గుతున్నది ఏడాదికి దాదాపు 8 శాతం. తూర్పు వైపు అల్గోవా బేలో సెయింట్ క్రోయ్ దీవి దగ్గర 2016లో ఓడలకు సముద్రంలోనే ఇంధనం నింపడం మొదలయ్యాక రొద పెరిగి పెంగ్విన్లు బాగా తగ్గాయి. దాన్ని ఏ వల చేసింది? సీల్స్ నోట పడే పెంగ్విన్లు, ఓడల నుంచి నూనె ఒలికిపోయి చచ్చేవి వేరే. వెనకటికి గువానో, అంటే గూళ్లు తవ్వుకునే పేరుకుపోయిన పక్షిరెట్ట, తవ్వుకుపోయి గూళ్లకి చోటు లేకుండా చేశారు, అదొకటి. ఇన్ని కారణాలుంటే పడవ కనిపిస్తుంది కాబట్టి పడవను తిడతారు. ఆ ఫ్యాక్టరీల్లో డబ్బాలు నింపే ఆడవాళ్ల జీతాల సంగతి ఈ చర్చల్లో ఎవరూ ఎత్తరు.

శ్రావ్య_కేప్:

నారాయణ గారూ, ఒక శాతం లెక్కతో నాకు పేచీ లేదు. మీరు చెప్పిన కారణాలన్నీ కూడా నిజమే. కానీ చేప తూర్పుకి జరిగిందని తెలిశాక పడమర మిగిలిన కాస్త చేప మీద వేట తగ్గించాలా వద్దా? జరిగింది దానికి ఉల్టా. 2006లో కొంతకాలం అగుల్హాస్‌కి పడమర ఉన్న సార్డీన్లలో 80 శాతం దాకా పట్టారని పైన నేను చెప్పిన అధ్యయనంలోనే ఉంది. నీటి వేడిని ఏ మంత్రీ తగ్గించలేడు. వల ఎక్కడ వేయాలో మాత్రం చెప్పగలడు.

మూసివేత ఫలితం జాతి మొత్తం మీద చూస్తే చిన్నగా ఉంటుంది, గూటి దగ్గర చూస్తే కాదు. సెయింట్ క్రోయ్ చుట్టూ వేట ఆపిన మూడు నెలల్లోనే పెంగ్విన్లు తిండి కోసం పడే శ్రమ 25 నుంచి 30 శాతం తగ్గింది. రాబెన్ దీవిలో పిల్లలు బతికే అవకాశం 18 శాతం పెరిగింది. అదే సెయింట్ క్రోయ్‌ని తర్వాత ఓడల రొద దెబ్బకొట్టిందనడం నిజమే. ఒక దెబ్బ తగ్గించాక ఇంకో దెబ్బ తగిలితే మొదటిది తగ్గించడం తప్పవుతుందా?

2023లో దీవుల చుట్టూ వేట ఆపడానికి ప్రభుత్వం గీసిన గీతలు ఎలా ఉన్నాయో మీకు తెలిసే ఉంటుంది. పెంగ్విన్లు ఎక్కువగా మేసే భాగం చాలాచోట్ల గీతకి బయటే ఉండిపోయిందన్నది కోర్టుకెళ్లిన బర్డ్‌లైఫ్ సౌతాఫ్రికా, శాంకాబ్ అనే పక్షుల రక్షణ సంస్థల వాదన. 2025 మార్చిలో చేపల పరిశ్రమతో రాజీ కుదిరి ప్రిటోరియా హైకోర్టు ఉత్తర్వు అయింది. డాసెన్, రాబెన్, స్టోనీ పాయింట్, డయర్, సెయింట్ క్రోయ్, బర్డ్ ఐలాండ్, ఈ ఆరు చోట్ల చుట్టూ రింగు వలల వేట లేదు. పరిశ్రమ కూడా ఒప్పుకుని సంతకం చేసింది, అది గమనించండి. జీతాల మాట ఎత్తాలి, ఎత్తడం మంచిదే. కానీ సార్డీన్లు కుప్పకూలిన ఏళ్లలో డబ్బాల ఫ్యాక్టరీలకి కూడా సరుకు దొరకలేదు కదా.

లహరి:

అంటార్కిటికాలో క్రిల్ (చిన్న రొయ్యల్లాంటి జీవులు) మీద కూడా ఇదే గొడవ నడుస్తోంది, పనికొస్తుందేమోనని రాస్తున్నాను. అక్కడి అడెలీ, చిన్‌స్ట్రాప్ పెంగ్విన్లకి క్రిల్లే ప్రధానమైన తిండి. దక్షిణ అట్లాంటిక్ వైపు ఉన్న క్రిల్ దాదాపు 6 కోట్ల టన్నులని 2019 సర్వే అంచనా. వేటకి పెట్టుకున్న హద్దు 6,20,000 టన్నులు, అంటే మొత్తంలో ఒక శాతం. రఘు గారి ప్రశ్న ప్రకారం చూస్తే అసలు సమస్యే ఉండకూడదు. కానీ ఓడలు ఆ ఒక్క శాతాన్నీ సముద్రమంతా తిరిగి పట్టవు, అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర ఇరుకు జాగాల్లోనే గుమిగూడతాయి. పెంగ్విన్లూ తిమింగలాలూ మేసేవి కూడా ఆ జాగాలే. హద్దును ప్రాంతాల వారీగా పంచి పెట్టే నియమం ఒకటి ఉండేది. అక్కడి వేటకి నియమాలు పెట్టే అంతర్జాతీయ కమిషన్‌లోని సభ్య దేశాలు ఒప్పందానికి రాకపోవడంతో 2024లో అది ముగిసిపోయింది. ఆ మరుసటి ఏడాదే, 2025 ఆగస్టు మొదట్లో, హద్దు మొత్తం నిండిపోయి చరిత్రలో మొదటిసారి సీజన్ ముందే మూసేశారు.

రఘు_వి:

ఇంత వివరంగా వస్తుందని అనుకోలేదు, అందరికీ థాంక్స్. ఇంకొక్క డౌట్. చేప దొరకనప్పుడు మనమే వాటికి తిండి పెట్టొచ్చు కదా? శ్రావ్య గారు పెడుతున్నట్టు?

శ్రావ్య_కేప్:

గాయపడ్డవాటికి, అనాథ పిల్లలకి పెట్టగలం, పెడుతున్నాం. ఏడాది చివర్లో ఇదొక పెద్ద పని. పిల్లలు ఇంకా గూట్లో ఉండగానే తల్లిదండ్రులకి ఈకలు మార్చుకునే టైమ్ వచ్చేస్తుంది, ఇక అవి వేటకు పోలేవు. అలా వదిలేసిన పిల్లల్ని దీవుల నుంచి తెచ్చి పెంచి మళ్లీ సముద్రంలో వదులుతారు. బతుకుతున్నాయి కూడా. కానీ పెద్దవాటికి పెట్టలేం. జాతి మొత్తం కలిపి 10,000 జంటల లోపే మిగిలాయని 2024లో అత్యంత ప్రమాద దశలో చేర్చారు, ఆ కొన్నిటికి కూడా సముద్రం మధ్యలో వడ్డించే మార్గం లేదు. పైగా సాయంత్రం ఇంటికెళ్లాక ఆ చేప వాసన చేతుల నుంచి ఎంత కడిగినా పోదు, మా ఇంట్లోవాళ్ల టెన్షన్ అంతా దాని గురించే.

చేప తూర్పుకి పోయింది కాబట్టి గూటినే అటు జరిపే ప్రయత్నం ఒకటి జరుగుతోంది. డీ హూప్ అభయారణ్యం ఒడ్డున బొమ్మ పెంగ్విన్లను నిలబెట్టి, స్పీకర్లో పెంగ్విన్ల అరుపులు వినిపించారు. పెంచిన పిల్లల్ని కూడా అక్కడే వదిలారు. 2022లో నిజం పెంగ్విన్లు వాటంతట అవే వచ్చి గూడు పెట్టాయి.

నారాయణ_ఎస్:

డీ హూప్ విషయంలో మీతో నాకు తగాదా లేదు. 2003 ప్రాంతంలో కూడా పెంగ్విన్లు ఆ ఒడ్డుకి వాటంతట అవే వచ్చి గూళ్లు పెట్టాయి, అడవిపిల్లులు చంపేశాయి, మిగిలినవి 2008 కల్లా వెళ్లిపోయాయి. ఈసారి కంచె వేశారు. ఆ కంచె మరమ్మతుకి ఏటా డబ్బులిచ్చేది ఎవరో చూడాలి.