తలుపు కొట్టింది పోలీసేనా?

ఇర్వింగ్ నుంచి:
అన్నా, టెక్సస్‌లో ఈ అపార్ట్‌మెంట్‌లో దిగి మూడు వారాలైంది. నిన్న రాత్రి పదింటికి ఎవరో తలుపు దబదబా బాదాడు. నల్ల జాకెట్, నడుముకి తుపాకీ, మెడలో బ్యాడ్జ్. ఎవరి పేరో చెప్పి తలుపు తీయమన్నాడు. మేం నలుగురం లైట్లు ఆర్పేసి కూర్చున్నాం. అది పాత టెనెంట్ పేరనీ, వచ్చింది బౌంటీ హంటర్ అయ్యుంటాడనీ మేనేజర్ అంటోంది. వీసాకి ఏమైనా ఇబ్బందా? చాలా టెన్షన్‌గా ఉంది.

ప్లేనో నుంచి:
తమ్ముడూ, నీ వీసాకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ముందు కాస్త తిని పడుకో.

మన దగ్గర బెయిలంటే జామీనుదారులు కోర్టుకొచ్చి పూచీకత్తు రాస్తారు. ఇక్కడ ఆ పూచీ పడటమే ఒక వ్యాపారం. బెయిల్ పదివేల డాలర్లయితే ముద్దాయి సుమారు పది శాతం, అంటే వెయ్యి, బాండ్ కంపెనీకి కడతాడు. ఆ వెయ్యి తిరిగి రాదు. మొత్తం పదివేలకీ కోర్టు దగ్గర కంపెనీదే పూచీ. అతను వాయిదాకి రాకపోతే ఆ డబ్బు కంపెనీ మీద పడుతుంది. అందుకే వెతికి పట్టుకొచ్చే మనిషిని పెట్టుకుంటుంది. అతనే బౌంటీ హంటర్. పోలీసుకి జీతమిచ్చేది ప్రభుత్వం, ఇతనికి డబ్బిచ్చేది కంపెనీ. మనిషి దొరికితేనే డబ్బు.

పారిపోయినవాణ్ణి పూచీ పడ్డవాళ్లు వేరే రాష్ట్రానికి వెళ్లైనా, అతని ఇంటి తలుపు పగలగొట్టైనా పట్టుకోవచ్చని 1872లో అమెరికా సుప్రీంకోర్టు అంది. ఆ బలమంతా ముద్దాయి రాసిచ్చిన ఒప్పందంలోంచి వచ్చిందే. నువ్వు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, నీ మీద అతనికి ఏ హక్కూ లేదు. పైగా మన టెక్సస్‌లో చట్టం ఇంకా గట్టిది. ఈ పని లైసెన్సున్న ప్రైవేట్ డిటెక్టివ్ లాంటివాళ్లే చేయాలి. అతను ఇంట్లోవాళ్లు ఒప్పుకోకుండా లోపలికి రాకూడదు, ప్రభుత్వ ఉద్యోగి అనిపించే బ్యాడ్జ్ పెట్టుకోకూడదు. ఇల్లినాయ్, కెంటకీ, ఆరెగాన్, విస్కాన్సిన్‌లలో అయితే బాండ్ వ్యాపారమే లేదు.

మళ్లీ వస్తే తలుపు తీయకు. తలుపుకి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, ‘మీరు పోలీసా, ఏ డిపార్ట్‌మెంట్?’ అని అడుగు. ‘ఆ పేరుగలవాళ్లు ఇక్కడ లేరు’ అని చెప్పు. 911కి ఫోన్ చేసి, మీరు ఎవరినైనా పంపారా అని అడుగు. నిజంగా పోలీసులే అయితే వాళ్లు చెప్తారు. తోపులాటకి మాత్రం దిగొద్దు, అతని దగ్గర తుపాకీ ఉంది.

హ్యూస్టన్ నుంచి:
నాదొక మాట. ఫ్రెండ్ అరెస్టయ్యాడని అర్ధరాత్రి ఫోనొస్తే పరుగెత్తి బాండ్ కాగితం మీద కో-సైన్ చేయకండి, అంటే వాడు రాకపోతే డబ్బు నేను కడతానని సంతకం పెట్టకండి. తాగి కారు నడిపి దొరికిన రూమ్‌మేట్ కోసం నేను చేశాను. కేసు నడుస్తుండగానే వాడు ఇండియా వెళ్లిపోయాడు. మొత్తం అయిదు వేల డాలర్లు, నెలనెలా కొంత చొప్పున నేనే కట్టాను. ఆ ఫారంలో నా సంతకం పైన రెండే లైన్లున్నాయి, మొత్తం బాధ్యత నాదేనని. ఆ రాత్రి చదవలేదు.

ఇర్వింగ్ నుంచి:
థాంక్స్ అన్నా. ఇప్పుడే కిందికి వెళ్లి చూశాను. మా మెయిల్‌బాక్స్ లోపల ఇంకా ఆ పాతాయన పేరే అంటించి ఉంది. పీకేసి మా నలుగురి పేర్లూ రాసి పెట్టాను.