అమెరికాలో వేధింపుకు గురైన అమ్మాయి ఫిర్యాదుకు ఎందుకు వెనుకాడుతోంది?

ప్రశ్న (టెక్సాస్, ఎం.ఎస్. విద్యార్థిని):
నాతో ఒకే ఇంట్లో ఉంటున్న తెలుగమ్మాయిని ఆమె పనిచేసే ల్యాబ్‌లోని సీనియర్ పరిశోధకుడు నెలన్నరగా వేధిస్తున్నాడు. రాత్రివేళ సందేశాలతో మొదలై ఒంటిమీద చేయి వేయడం వరకు వచ్చింది. ఫిర్యాదు చేయమంటే "వీసా పోతే 40 లక్షల అప్పు ఎవరు తీరుస్తారక్కా?" అని ఏడుస్తోంది. నిజంగా వీసా పోతుందా? ఆమెకు తెలియకుండా నేనే ప్రొఫెసరుకు చెప్పవచ్చా?

జవాబు 1:
ఫిర్యాదు చేసినందుకు వీసా పోదు. విద్యాసంస్థలలో లింగవివక్షను, లైంగిక వేధింపును నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ఫెడరల్ నిధులు అందుకునే విద్యాసంస్థలలో చదివే వారందరికీ వర్తిస్తుంది. పౌరసత్వంతో నిమిత్తం లేదు. అయినా ఆ అమ్మాయి భయాన్ని కొట్టిపారేయకండి. ఆమె ఫీజు రాయితీ, జీతం ఆ ల్యాబ్‌తో ముడిపడి ఉంటే, ల్యాబ్ వదలడమంటే రెండూ పోగొట్టుకోవడమే. మనసు కుంగి అనుమతి లేకుండా కోర్సు వదిలేస్తే అప్పుడు ఎఫ్-1 (విద్యార్థి వీసా) హోదాకు నిజంగానే ముప్పు వస్తుంది. వైద్యుని లేఖతో కోర్సులు తగ్గించుకునే వెసులుబాటు ఉన్నదని, దానికి ముందుగానే డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే విశ్వవిద్యాలయ అధికారి) అనుమతి తీసుకోవాలని తప్పక చెప్పండి.

జవాబు 2:
ఆమెకు తెలియకుండా ప్రొఫెసరుకు చెప్పవద్దు. టెక్సాస్‌లో 2019లో చేసిన చట్టం ప్రకారం విశ్వవిద్యాలయ ఉద్యోగి ఇటువంటి సంగతి తెలియగానే టైటిల్ నైన్ కార్యాలయానికి నివేదించాలి. తెలిసీ దాచిపెడితే నేరం. ఉద్దేశం మంచిదే కానీ, నమ్మి చెప్పుకున్న మాట మరునాడు అధికారిక ఈమెయిల్‌గా తిరిగివస్తే పిల్లలు బెదిరిపోయి ముడుచుకుపోవడం నేను చూశాను. ముందు కౌన్సెలరు దగ్గరకు తీసుకువెళ్ళండి. అక్కడ ఆమె పేరు బయటపడదు. అధికారిక ఫిర్యాదు లేకుండానే పనివేళల మార్పు, ఇద్దరి మధ్య సంప్రదింపులు ఆపించడం వంటి సహాయాలు కోరవచ్చు.

జవాబు 3:
నన్ను వేధించినవాడు మనవాడే. విమానాశ్రయం నుంచి తీసుకువచ్చింది, గది చూపించింది, వారం వారం సరుకులకు కారులో తీసుకువెళ్ళింది అతడే. నోరు తెరిస్తే ఉద్యోగానికి రెఫరల్ ఇచ్చేవారు ఉండరని, వాట్సాప్ గ్రూపులోని మాట గుంటూరులోని మా ఇంటికి చేరుతుందని, నాన్న "చదివింది చాలు, వచ్చెయ్యి" అంటారని భయపడి ఎనిమిది నెలలు మౌనంగా ఉన్నాను. చివరికి చెప్పబోతే, జరిగినదానికి ఇంగ్లీషులో మాటలు కుదరలేదు; ముందు తెలుగులో రాసుకుని వెళ్ళాను. ఆ అమ్మాయిని కూడా అలా రాసుకోమనండి, తేదీలతో సహా.

ప్రశ్న అడిగినవారు:
మూడు జవాబులూ ఆమెకు చదివి వినిపించాను. మూడవది రెండుసార్లు చదవమంది. నిన్న రాత్రి రాయడం మొదలుపెట్టింది. శుక్రవారం కౌన్సెలరు దగ్గరకు ఇద్దరం కలిసి వెళ్తున్నాం.