రంపం మిషన్‌కి బయటి పార్టులు వేయొచ్చా, కంపెనీవే వేయాలా?

కందుకూరు రిపేరు షాపు

అందరికీ నమస్కారం. మా చుట్టుపక్కల సర్వితోటలు, సుబాబుల్, జామాయిల్ ఎక్కువ. అందుకే నా షాపుకి వచ్చేవాటిలో చాలావరకు చెట్లు కోసే పెట్రోల్ రంపాలే. ఇప్పుడు బల్ల మీద 45 సీసీ మిషన్ ఒకటి ఉంది. పిస్టన్ పట్టేసింది. సైలెన్సర్ విప్పి చూస్తే ఆ వైపున పిస్టన్ నిలువునా గీరుకుపోయింది.

కంపెనీ సిలిండర్, పిస్టన్ సెట్టు వేస్తే మజూరీతో కలిపి కొత్త మిషన్ ధరలో సగం దాకా అవుతోంది. బయటి సెట్టయితే అందులో నాలుగో వంతుకే దొరుకుతోంది. మిషన్ తెచ్చినాయన రోజు కోత మీద బతికే మనిషి. "నీకేది మంచిదనిపిస్తే అది వెయ్యి అన్నా" అని వదిలేసి వెళ్లాడు. నన్ను నమ్మి వదిలిపెట్టాడు కాబట్టే అడుగుతున్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. కంపెనీ పేరు, డబ్బా అచ్చు గుద్ది అమ్మే నకిలీ సరుకు సంగతి ఇక్కడ వద్దు. అది నేరం. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లో 103, 104 సెక్షన్ల కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది. వేరే తయారీదారు తన సొంత పేరుతో అమ్మే పార్టుల గురించే నా ప్రశ్న.

విజయవాడ సర్వీస్ మెకానిక్

నేను కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తాను, అది దాచను. నా సమాధానం: వేయొద్దు.

చవక సిలిండర్ తీసుకుని లోపల పోర్టుల (గాలి, పొగ వచ్చిపోయే రంధ్రాల) అంచుల మీద వేలు పెట్టి చూడండి, గీసుకుంటుంది. ఆ అంచుల్ని కాస్త వాలుగా నునుపు చేయాలి. చేయకపోతే మిషన్ నిమిషానికి పన్నెండు పదమూడు వేల చుట్లు తిరిగేటప్పుడు రింగు అక్కడ తగులుకుంటుంది. రింగు విరిగిందంటే సిలిండర్, పిస్టన్ రెండూ పోయినట్టే. లోపలి గోడకు వేసే నికెల్ సిలికాన్ కార్బైడ్ పూత కూడా చాలా సెట్లలో పలుచగానో, ఎగుడుదిగుడుగానో ఉంటుంది. పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే గడ్జన్ పిన్ను కదలకుండా పట్టే సర్‌క్లిప్పులయితే మరీ నాసి. అందులో ఒకటి ఊడితే చాలు, గోడంతా చెక్కేస్తుంది.

మూడు నెలల్లో మళ్లీ విప్పాల్సి వస్తే ఆయన రెండోసారీ మజూరీ కట్టాలి. అప్పుడు మిగిలిందేంటి?

సర్వితోట మేస్త్రి

నా దగ్గర కోత ముఠా ఉంది. టన్ను లెక్కన డబ్బులు. మిషన్ ఆగిందంటే దాని వెనక కొమ్మలు కొట్టేవాళ్లు, మోసేవాళ్లు, ట్రాక్టర్ అందరూ ఆగిపోతారు. కంపెనీ పార్టు మంచిదే అన్నా, ఎవరు కాదన్నారు? మరి అది ఎప్పుడు వస్తుంది? "ఆర్డర్ పెట్టాం, వారం పడుతుంది" అంటారు. పాత మోడలైతే ఇక రాదని చెప్పేస్తారు. బయటి పార్టు సాయంత్రానికి చేతికొస్తుంది.

ఇంకో సంగతి. కంపెనీ పార్టు అంటే కంపెనీవాళ్లే తయారుచేశారనుకోకండి. స్పార్క్ ప్లగ్ మీద ఎన్‌జీకే అనో బాష్ అనో ఉంటుంది. చాలా మిషన్ల కార్బొరేటర్ వాల్‌బ్రోదో జామాదో. అదే ప్లగ్గు బయట కొంటే బయటి పార్టు, కంపెనీ డబ్బాలో వస్తే ఒరిజినలా? రెండింటి ధర చూశాక నాకు కోపమే వస్తుంది.

విజయవాడ సర్వీస్ మెకానిక్

ప్లగ్గు విషయంలో మీరన్నది నిజం మేస్త్రి గారూ. దాని మీద నాకు పేచీ లేదు. ఆ పేరున్న తయారీదారులు వేరు, పేరే లేని డబ్బాలో వచ్చే సెట్లు వేరు. కందుకూరు అన్న చెప్పిన చవక సెట్టు రెండో రకమే.

ఖమ్మం పాత మెకానిక్

తమ్ముడూ, నువ్వు ఏ సెట్టు వేయాలని అడుగుతున్నావు. అసలు ఆ పిస్టన్ ఎందుకు పట్టేసిందో చూశావా? నీ పోస్టులో ఆ మాటే లేదు.

సైలెన్సర్ వైపు మాత్రమే గీరుకుపోయిందంటే చాలావరకు ఇంధనం తక్కువై, గాలి ఎక్కువై వేడెక్కినట్టు. చుట్టూరా సమానంగా గీరుకుపోతే ఆయిల్ కలపని పెట్రోలు పోశారేమోనని అనుమానించాలి. నీది మొదటి రకంలా ఉంది. గాలి ఎక్కడి నుంచి వస్తోందో వెతుకు. క్రాంక్ షాఫ్ట్ రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు, కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే రబ్బరు బూటు, కార్బొరేటర్‌లోని పెట్రోల్ పంపుని నడిపే ఇంపల్స్ గొట్టం, ట్యాంకులో పెట్రోల్ గొట్టం, ఫిల్టర్ అన్నీ చూడు. ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ మూసేసి అర బార్ ఒత్తిడి దాకా గాలి పట్టించు, గేజ్ ముల్లు నిలబడాలి. తర్వాత అలాగే లోపలి గాలి లాగి చూడు, అప్పుడూ నిలబడాలి. సీళ్లు కొన్నిసార్లు గాలి పట్టిస్తే ఆగుతాయి, లాగితే వదిలేస్తాయి. అందుకే రెండూ చేయాలి. ఈ పరీక్ష చేయకుండా కంపెనీ సెట్టు వేసినా అదీ పట్టేస్తుంది. అప్పుడు తప్పు పార్టుది కాదు.

పెట్రోలు సంగతి కూడా చూసుకో. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగు మీదే నడిపితే ఇంజన్‌కి ఇంధనం తక్కువైనట్టే లెక్క. పైగా అది తేమను లాగుతుంది. వారాల తరబడి ట్యాంకులో ఉంచితే కార్బొరేటర్‌లో ఉండే పల్చని పొర, డయాఫ్రం, బిగుసుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి చీలుతాయి. నాసి బయటి గొట్టాలు ముందుగా పోయేది ఇక్కడే. పెట్రోల్ గొట్టం చిన్న పార్టే కానీ అందులో చవక చూడకు.

ఇక సిలిండర్. నీ దగ్గరున్న ఒరిజినల్ సిలిండర్‌ని పారేయకు. పూత చెడలేదేమో చూడు. చాలాసార్లు గోడ మీద కనిపించే గీతలు గీతలు కావు, పిస్టన్ నుంచి కరిగి అంటుకున్న అల్యూమినియం. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ని దూది పుల్లతో ఆ మచ్చల మీద మాత్రమే రాస్తే నురగ వచ్చి అది కరుగుతుంది. పూతని యాసిడ్ అంత తొందరగా తినదు. పోర్టుల దగ్గర పూత లేని అల్యూమినియాన్ని మాత్రం తినేస్తుంది, అక్కడ తగలనివ్వకు. ఆరుబయట, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని చెయ్యి. బాగా కడిగి, సన్న ఎమరీతో అడ్డదిడ్డంగా రుద్ది చూడు. గోరు ఎక్కడా తట్టకపోతే ఆ సిలిండర్ పనికొస్తుంది. దానికి మంచి పేరున్న బయటి పిస్టన్ వెయ్యి. ఇటలీలో చేసే మెటియోర్ పిస్టన్లు, కేబర్ రింగులు ప్రపంచమంతా మెకానిక్కులు వాడుతున్నారు. కంపెనీ సిలిండర్‌లో మంచి బయటి పిస్టన్ వేస్తే, పేరులేని పూర్తి సెట్టు కంటే ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఇది నా గట్టి నమ్మకం.

పూత లేచిపోయి, ఆయన దగ్గర డబ్బు లేక బయటి సెట్టే వేయాల్సి వస్తే దాన్ని డబ్బాలోంచి తీసినట్టే బిగించకు. పోర్టు అంచులు నునుపు చెయ్యి. రింగుని సిలిండర్‌లో పెట్టి ఫీలర్ గేజ్‌తో (సన్న రేకుల కొలత పరికరం) రింగు కొసల మధ్య సందు చూడు. వాళ్లిచ్చే సర్‌క్లిప్పులు పక్కన పడేసి కంపెనీవి వెయ్యి, వాటి ఖర్చు ఏపాటి? పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్ తలకీ దానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో మెత్తని సోల్డర్ తీగ పెట్టి కొలువు, అర మిల్లీమీటరుకి మరీ తక్కువైతే ప్రమాదం.

సర్వితోట మేస్త్రి

ఈ పని అంతా ఓపిగ్గా చేసే మెకానిక్కు మాకు ఎక్కడ దొరుకుతాడు పెద్దాయనా? అడిగితే చాలామంది సెట్టు మార్చేసి పంపించేస్తారు.

ఉద్దానం రైతు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ రోజుల్లో ఊళ్లో రంపం మిషన్ ఉన్నవాళ్ల కోసం జనం క్యూ కట్టారు. కొబ్బరి మాను పైపొర గట్టిది, నేల మీద పడిన మానుకి ఇసుక అంటుకుని ఉంటుంది, చైన్ మొనలు ఇట్టే పోయేవి. చైన్లు, ఫైళ్లు, ఎయిర్ ఫిల్టర్లు ఏవి దొరికితే అవి వేసి కోశాం. అప్పుడు ఎవరైనా కంపెనీవే వేయాలని అని ఉంటే చెట్లు పడి మూసుకుపోయిన దారులు తెరుచుకునేవి కావు.

అయితే ఒక విషయంలో నాకు భయం పట్టుకుంది. రోల్ నుంచి కోసి రివెట్ కొట్టిచ్చిన పేరులేని చైన్ ఒకటి మా పక్క తోటలో తెగింది. మనిషికి ఏమీ కాలేదు. కింద తెగిన చైన్‌ని ఆపే చైన్ క్యాచర్ ఉంది కాబట్టి బతికిపోయాడు.

విజయవాడ సర్వీస్ మెకానిక్

అదే నేను చెప్పాలనుకుంటున్నది. చైన్ సెకనుకి ఇరవై మీటర్ల పైన వేగంతో తిరుగుతుంది. బ్రేకు పట్టీ, ముందు హ్యాండ్ గార్డు, చైన్ క్యాచర్, యాక్సిలరేటర్ లాక్, వైబ్రేషన్ తగ్గించే రబ్బరు బుష్‌లు, వీటిలో ఏదీ బయటిది వేయొద్దు. బార్ (చైన్ తిరిగే పొడుగు పట్టా) మొన చెట్టుకి తగిలి మిషన్ మొహం మీదికి లేచినప్పుడు ఆ పట్టీ క్షణంలో చైన్‌ని ఆపాలి. అక్కడ మనకి రెండో అవకాశం ఉండదు. చైన్ అయితే ఓరెగాన్ లాంటి తయారీదారుది వేయడానికి నాకు అభ్యంతరం లేదు. పిచ్ (లింకుల మధ్య దూరం), గేజ్ (బార్ గాడిలో కూర్చునే లింకు మందం) బార్ మీద ముద్రించినట్టే ఉండాలి. 1.3 మిల్లీమీటర్ల గాడి ఉన్న బార్‌కి 1.5 చైన్ ఎక్కదు. 1.5 గాడిలో 1.3 చైన్ వేస్తే ఎక్కుతుంది కానీ పక్కలకి ఊగుతుంది. అలా వేసి పంపినవి మా దగ్గరికి వస్తుంటాయి.

సర్వితోట మేస్త్రి

బ్రేకు మాటకి నేను అడ్డం చెప్పను, మా పిల్లలవే ఆ ప్రాణాలు. కానీ ఇంజన్ పార్టులకు మీ ధరలు మాత్రం న్యాయం కాదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అందులో వ్యవసాయ పరికరాల్ని కూడా చేర్చారు. పార్టులు, రిపేరు పుస్తకం అందరికీ దొరకాలనే కదా అది. మీ కంపెనీ బయటి మెకానిక్కులకు పార్టుల బొమ్మల పుస్తకం ఇస్తుందా? ఇవ్వకుండా "బయట చేయించుకోకండి" అంటే ఎలా?

విజయవాడ సర్వీస్ మెకానిక్

పుస్తకాలు ఇవ్వాలనే నేనూ అంటాను. ధరలు నా చేతిలో లేవు. కానీ పార్టు ఖరీదైందని నాసిదాన్ని మంచిదని చెప్పలేను కదా.

కందుకూరు రిపేరు షాపు

ఖమ్మం పెద్దాయన చెప్పినట్టు గాలి పట్టించి చూశాను. నిలబడింది. లాగి చూస్తే క్లచ్ వైపు ఆయిల్ సీలు వదిలేస్తోంది. పెట్రోల్ గొట్టం కూడా బిగుసుకుపోయి, వంచితే పగులు కనిపించింది. సిలిండర్ గోడ మీద ఉన్నది అంటుకున్న అల్యూమినియమే, యాసిడ్‌తో పోయింది. పూత బాగుంది.

రెండు సీళ్లు, పెట్రోల్ గొట్టం కంపెనీవి తెప్పిస్తున్నాను. పిస్టన్, రింగులు బయటివి, పేరున్నవి. సర్‌క్లిప్పులు కంపెనీవి. బ్రేకు పట్టీ అరిగింది, అది కూడా కంపెనీదే వేయాలని ఆయనకి ఫోన్ చేసి చెప్పాను, సరేనన్నాడు. బిల్లులో ప్రతి పార్టు పక్కన కంపెనీదో బయటిదో, ఎవరు చేసిందో రాసి ఇస్తాను. ఇకనుంచి అన్ని బిల్లులూ అలాగే. పాత పార్టులు కూడా కవర్లో వేసి ఇచ్చేస్తాను, చూసుకోవడం ఆయన హక్కు.

మేస్త్రి గారూ, ఓపిగ్గా చేసే మెకానిక్కు కావాలంటే మీ మిషన్లు కందుకూరు పంపండి. వారం ఆపను కానీ, సాయంత్రానికే ఇస్తానని మాత్రం చెప్పను.

ఖమ్మం పాత మెకానిక్

బిగించాక కార్బొరేటర్ మీద ఇంధనం సర్దే హెచ్, ఎల్ స్క్రూలు పాత చోటే వదిలేయకు తమ్ముడూ. టాకోమీటర్ పెట్టి పై వేగం చూసుకో, మొదటి రెండు మూడు ట్యాంకులు కాస్త ఇంధనం ఎక్కువ వైపే ఉంచు. ఐడిల్‌లో చైన్ కదలకూడదు. ఎయిర్ ఫిల్టర్ రోజూ దులపమని కూడా ఆయనకి చెప్పు, సర్వి పొట్టు సన్నగా ఉంటుంది.