ఇంట్లో దొంగలు పడితే కేసు ఎవరు చూస్తారు? స్టేషనా, సీసీఎస్సా (సెంట్రల్ క్రైమ్ స్టేషనా)? (కర్నూలు)

బురుజు_పిల్లోడు: పోయిన వారం మేం ఊర్లో లేనప్పుడు రాత్రి తాళం పగలగొట్టి 4 తులాలు ఎత్తుకపోయినారు. ఎఫ్‌ఐఆర్ అయింది. ఎస్సైని అడిగితే సీసీఎస్ చూస్తుందంటాడు, సీసీఎస్‌కు పోతే స్టేషన్‌నే అడుగు అంటారు. ఎవరి పని ఏందో తెలిసినోళ్లు చెప్పండి. బంగారం దొరికితే చేతికెప్పుడొస్తాది?

తుంగభద్ర_గట్టు: వేలిముద్రలు, ఆనవాళ్లు తీసుకునే క్లూస్ టీం వచ్చేలోపల ఇల్లు ఊడ్చినారా? మా అమ్మ బీరువా తలుపు తడిగుడ్డతో తుడిచి, కిందపడిన చీరలు మడతపెట్టి, వచ్చినోళ్లకు టీ కూడా పెట్టింది. పొడి పూసి చూస్తే దొరికినవన్నీ మా అమ్మ వేలిముద్రలే.

రాళ్లసీమ_రాయి: కుక్కొచ్చిందా? మా వీధిలో కుక్క సందు చివర ఆటోస్టాండు దాకా పోయి కూచుండిపోయింది. కేసు కూడా ఆడనే కూచుంది.

మాజీ_రైటర్: 26 ఏళ్లు స్టేషన్లో రికార్డులు రాసే రైటర్‌గా చేసినా, నేను చెప్తా. కుక్కను అనొద్దు. దొంగ ఆటో ఎక్కినాక వాసన యాడిది? కేసు స్టేషన్‌దే. సీసీఎస్ వాళ్లు పాత నేరస్తుల మీద, తాకట్టు కొట్ల మీద కన్నేస్తారు. దొరికిన ముద్రలను రికార్డుల్లోని పాతోళ్ల ముద్రలతో పోలుస్తారు.

సీమ_ప్లీడరు: పాత లెక్కలొద్దు సార్. 2024 జూలై 1 నుంచి సీఆర్పీసీ బదులు బీఎన్‌ఎస్‌ఎస్ అనే కొత్త చట్టం నడుస్తాంది. 7 ఏళ్లు, ఆపైన శిక్షపడే నేరమైతే ఫోరెన్సిక్ వాళ్లు రావాల్సిందే. సెక్షన్ 176(3).

మాజీ_రైటర్: దాన్ని అమలు చేసేదానికి రాష్ట్రాలకు 5 ఏళ్ల దాకా టైం ఇచ్చినారు. ఆ ముక్క మింగేసినావే?

సీమ_ప్లీడరు: మింగలేదు. 90 రోజుల్లో కేసు యాడిదాకా వచ్చిందో ఫిర్యాదిదారుకు చెప్పాలని 193లో ఉంది. దానికీ టైం కావాల్నా?

మాజీ_రైటర్: బందోబస్తు, వారెంట్లు, కోర్టు డ్యూటీ. ఒక్కవారం స్టేషన్లో కూచోని మాట్లాడు నాయనా.

డోన్_అక్క: మీ కొట్లాట మీదేనా? మా ఆయన బ్యాగు బస్సులో పోయింది. ఒక స్టేషన్‌లో ఇది నంద్యాల జిల్లాది అన్నారు, ఇంకోదాంట్లో కర్నూలుది అన్నారు. 2022లో జిల్లా విడగొట్టిన సంగతి దొంగకెవరూ చెప్పినట్టు లేదు.

సీమ_ప్లీడరు: జీరో ఎఫ్‌ఐఆర్ అక్కా. ఏ స్టేషనైనా రాసుకోవాల, కాపీ ఉచితం. రాసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపు.

ఆదోని_పత్తి: నావి 48 వేలు ఆన్‌లైన్‌లో పోయినాయి. పది నిమిషాల్లో సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ కొట్టినా, 31 వేలు బ్యాంకులో ఆగినాయి. మా బామ్మర్ది సిగ్గుపడి రెండ్రోజులు ఎవరికీ చెప్పలేదు. రూపాయి రాలేదు.

బురుజు_పిల్లోడు: అన్నా, నా బంగారం?

మాజీ_రైటర్: దొరికితే కోర్టులో పెడతారు. రసీదు, నగ కనపడే పెళ్లి ఫోటో జతచేసి పిటిషన్ వేస్తే, కేసు తేలకముందే బాండు మీద ఇస్తారు. అమ్మకూడదు, కరిగించకూడదు.

సీమ_ప్లీడరు: సెక్షన్ 497. ఈ ఒక్కదాంట్లో సార్‌తో ఏకీభవిస్తా.

బురుజు_పిల్లోడు: రసీదు ఆ బీరువాలోనే ఉండె.

తుంగభద్ర_గట్టు: ఇల్లు ఊడ్చినారా లేదా, అది చెప్పలేదు.

బురుజు_పిల్లోడు: ఊడ్చినాం అన్నా. కళ్లాపి కూడా చల్లినాం.